కామెర్లూ, వాతా, అత్తయ్య లైబ్రరీ

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మేముండే సందులో పిల్లలకు కామెర్లొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు కాదు, వాత పెట్టించేవారు. ఎర్రగడ్డ అవతల ఒకాయన ఉండేవాడు. ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి ముంజేతి మీద అంటించేవాడు. పక్కింటి పిల్ల చేతి మీద ఆ పుండు నేను కళ్లారా చూశాను. అది ఏడ్చిన ఏడుపు సందంతా విన్నారు, విని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ వేసవిలో మా తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయి. ఇంటి ఓనరు తాత వచ్చి, కంటి రెప్ప ఎత్తి చూసి, "ఫికర్ చెయ్యకు సార్. గిది వేడి తోని వచ్చింది. ఐతారం పొద్దుగాల నేనే తీస్కపోతా, వాత పడితే దిగిపోతది" అన్నాడు. మా నాన్న ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసులో పనిచేసే చదువుకున్న మనిషి. ఆయనా తలూపారు! చలవ చేస్తుందని ఓనరు మామ్మ రోజూ చెంబు నిండా మజ్జిగ పంపేది. అమ్మ కూరల్లో పసుపు మానేసింది. ఇంతే మా ఇంట్లో జరిగిన వైద్యం.

మా మేనత్త అప్పట్లో మాతోనే ఉంటూ పంజాగుట్టలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేది. ఆ శనివారం నేను ఆవిడ బల్ల ముందు నిలబడి ఏడ్చేశాను. "అత్తయ్యా, వాత పెడితే నిజంగా తగ్గుతుందా? చెప్పు!" అన్నాను. ఆవిడ చెప్పలేదు. "జబ్బు సందులో మన ఇళ్ల వరసలో పిల్లలకే వచ్చింది, ఎదురు వరసలో ఒక్కరికీ రాలేదేం? ముందు అది పట్టుకో. వాత సంగతి దాంతోపాటే తేలుతుంది" అంది. బీరువాలు చూపించి తన పనిలో పడింది.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తెల్లారితే తమ్ముడి చెయ్యి కాలుస్తారు, ఈవిడేమో నాకు లెక్క ఇచ్చి కూర్చోబెట్టింది! తెలిసిన మనిషి నోరు విప్పి చెప్తే ఏం పోతుంది? ఆ కోపంతోనే పుస్తకాలు లాగాను. మొదట దొరికిన గృహవైద్యం పుస్తకంలో ఏదో ఆకు పసరు తాగమని ఉంటే, పరుగెత్తుకెళ్లి చూపించాను. "ఎందుకు తగ్గుతుందో రాశారా? జబ్బు ఎలా వస్తుందో రాశారా?" అంది. రెండూ లేవు. కాళ్లీడ్చుకుంటూ మళ్లీ వెళ్లాను.

పుస్తకం చివర పదాల పట్టిక ఉంటుందని, అందులో కామెర్లు కనబడకపోతే కాలేయం అన్నచోట చూడాలని, ఒక పుస్తకం చెప్పింది ఇంకోదానితో సరిచూసుకోవాలని ఆ మధ్యాహ్నం తంటాలు పడే తెలుసుకున్నాను. చివరికి నర్సుల కోసం రాసిన పుస్తకంలో దొరికింది. మురుగు కలిసిన నీళ్ల వల్ల ఈ జబ్బు వస్తుందట. వాతలతో తగ్గదు సరికదా, పుండు పడి కొత్త రోగం పట్టుకోవచ్చట.

నీళ్లు అన్న మాట చదవగానే మా సందు కళ్లముందు కనబడింది. ఎదురు వరసవాళ్లు బోరింగు నీళ్లు తాగేవారు. మాకు కుళాయి. ఆ కుళాయి గొట్టం మురుగు కాలవలోంచే వచ్చేది. ఓనరు మామ్మ మజ్జిగ పల్చన చేసేది ఆ కుళాయి నీళ్లతోనే. చలవకని మేం తమ్ముడి గొంతులో పోస్తున్నది అదే.

అత్తయ్య ఆ పుస్తకం ఇంటిదాకా మోసుకొచ్చి, గుమ్మం దగ్గర నా చేతికిచ్చింది. నాన్న చూసి, "ఎవరు చెప్పారే ఇదంతా?" అని అడిగారు. "ఎవరూ చెప్పలేదు నాన్నగారూ, నేనే వెతికాను. ఇదిగో, ఇక్కడుంది" అన్నాను. చదివారు. నాతో కాలవ దాకా వచ్చి, తుప్పు పట్టి మురుగులో నానుతున్న గొట్టం చూశారు. మర్నాడు ఓనరు తాత ఆటో తెస్తే, డాక్టరుకు చూపిస్తామని చెప్పి పంపేశారు. "మా తాతల సంది పెట్టిపిస్తున్నం. గీ పోరి చెప్తె ఇంటరా సార్?" అని ఆయన విసవిసా వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్లు మరగకాచే తాగాం. తమ్ముడు కోలుకున్నాడు. మా అమ్మాయి కనిపెట్టిందని నాన్న సందంతా చెప్పుకున్నారు.

నేను ఉబ్బిపోతుంటే అమ్మ పొయ్యి దగ్గర మెల్లగా అంది: "మీ అత్తయ్య ఈ మాట మొదటిరోజే చెప్పిందే. పుస్తకాలకు అట్టలేసుకునేదానివి, నీకేం తెలుసని మీ నాన్న కసిరారు."

ఆ మాటతో నా సంబరమంతా చచ్చింది. అత్తయ్య నాకు ముందే చెప్పేసి ఉంటే, నేను ఇంటికొచ్చి అత్తయ్య చెప్పిందనేదాన్ని. అక్కడితో నాన్న చెవులు మూసుకునేవారు. అందుకే ఆవిడ నా కోపం భరించి, నాచేతే వెతికించింది. వెళ్లి అడిగితే, "వాడి చెయ్యి కాలలేదు కదే. ఎవరి మాట నెగ్గితే ఏంటి?" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. నాన్న తప్పైపోయిందని ఆవిడతో ఏనాడూ అనలేదు. ఆ మాట లేకుండానే ఇద్దరూ కాలం చేశారు.

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో కామెర్లకు పసరు మందని పెట్టారు. అది తప్పని మా మనవరాలు రాస్తే, చిన్నపిల్లవి నీకేం తెలుసని ఒక పెద్దమనిషి దెప్పాడు. కళ్లజోడు వెతుక్కుని మరీ నేనే రాశాను: "దానికేం తెలుసో తర్వాత విందాం. ఇది ఏ పుస్తకంలో ఉందో ముందు నువ్వు చూపించు నాయనా." వెతకడం అత్తయ్య నేర్పింది. ఈ కోపం నాన్న వల్ల వచ్చింది. ఈ వయసులోనూ రెండింటిలో ఏదీ వదులుకోలేదు.