ఆల్మా చెడగొట్టిన అట్లు

పేటన్ వీధి ఇళ్ల వరసంతా కూల్చి రోడ్డు వేస్తామని మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చిన రోజున ఆల్మా మేచిన్ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఎదురింటి విన్నీ బ్లూర్ అది కళ్లారా చూసి, పొద్దుగూకేలోగా వీధంతా చాటింది. "పాపం, ఇల్లు పోతుందని ఆల్మా కుమిలిపోతోంది." ఎంత మాట! ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆల్మా సంతోషం పట్టలేక ఏడవడం అదే మొదటిసారి. కానీ ఎవరితో చెప్పుకుంటుంది?

ఆమె ఇంటి ముందుగదే దుకాణం. వీధి వైపు కిటికీ తలుపు పైకెత్తి, దాని కింద ఒక చెక్క బిగించి, లోపల నిలబడి ఓట్‌కేకులు అమ్ముతుంది. పేరుకు కేకేగానీ అది అచ్చంగా అట్టే. ఓట్స్ పిండి, గోధుమపిండి, ఉప్పు గోరువెచ్చని నీళ్లలో జారుగా కలిపి, ఈస్ట్ వేసి సాయంత్రం మూత పెడితే తెల్లారేసరికి పొంగి బుడగలు కక్కుతుంది. గరిటెడు తీసి పెద్ద ఇనప పెనం మీద పోసి తిప్పితే పళ్లెమంత వెడల్పున పరుచుకుంటుంది. పైన చిన్న చిన్న చిల్లులు పడి, తడి ఆరిన క్షణంలో తిరగెయ్యాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే అంచులు పెళుసెక్కి మడత పెట్టబోతే విరుగుతాయి. ఇంగ్లండులోని మా టన్‌స్టాల్‌లో ఆదివారం పొద్దున అది తినని కొంప ఉండదు. చీజు తురుము వేసి, వేయించిన బేకన్ ముక్కలు రెండు పరిచి, చీజు కరిగేలోగా మడిచి, వేడి వేడిగా కాగితంలో చుట్టి ఇస్తే, పింగాణీ ఫ్యాక్టరీకి వెళ్లే మగాళ్లు నడుస్తూనే తినేసేవారు, వేళ్ల సందుల్లో కారిన కొవ్వు నాకుతూ.

ఆల్మా కూడా ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే కప్పుల మీద పూలు వేసేది. క్లిఫర్డ్‌ను పెళ్లాడిన ఏడాదికి అప్పటిదాకా అట్లు పోసిన అత్తగారు సెలీనాకు మోకాళ్లు పట్టేశాయి. "క్రిస్మస్ దాకా కాస్త ఆ పెనం దగ్గర నిలబడు తల్లీ, తరవాత చూద్దాం" అంది. అత్తగారి క్రిస్మస్ మళ్లీ రాలేదు. ఆవిడ పోయింది, క్లిఫర్డూ పోయాడు, పిల్లలు కలగలేదు. పెనం మాత్రం మిగిలింది. క్లిఫర్డ్‌ను పాతిపెట్టిన నాడు, శ్మశానం నుంచి వచ్చినవాళ్లు నల్లకోట్లతోనే కిటికీ ముందు నిలబడ్డారు. "ఇవాళ వద్దులే తల్లీ, కష్టపెట్టుకోకు" అని అందరూ అన్నారు. అని, ఒక్కరూ కదల్లేదు. ఆల్మా కోటు విప్పి పెనం కింద పొయ్యి వెలిగించింది.

మానెయ్యవచ్చు కదా అని మీరడగవచ్చు. ఆమె కూడా తనను తాను అడుక్కుంది, పదేళ్లుగా. కానీ మొహమాటం ఉన్న మనిషికి కిటికీ కంటే పెద్ద జైలుండదు. చలిలో చెవులు ఎర్రగా కందిపోయి నిలబడ్డ ముసలాళ్ల మొహాలు చూసి 'ఇక రేపటి నుంచి లేదు' అనే మాట ఎన్నిసార్లు నాలిక చివరికి వచ్చిందో, అన్నిసార్లూ మింగింది. మింగిన ప్రతిసారీ ఆ మొహాల మీదే కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు సిగ్గేసేది. ఇదే ఆమె బతుకు. అడకత్తెరలో పోకచెక్క.

అందుకే ఆ నోటీసు ఆమెకు దేవుడు రాసిన ఉత్తరంలా కనిపించింది. పాము చావాలి, కర్ర విరగకూడదు. కూల్చేది మునిసిపాలిటీ, తిట్లు తినేది మునిసిపాలిటీ. తనకు ఊరికి అవతల కొత్త బిల్డింగులో, మూడో అంతస్తులో ఒక ఇల్లు ఇస్తారట. మూడో అంతస్తు కిటికీకి పావురాలు తప్ప ఎవరొస్తారు?

వారం తిరక్కుండానే విన్నీ, ఇళ్లు కూల్చవద్దని రాసిన మహజరు కాగితాలు పట్టుకుని వచ్చింది.

"వదినా, నువ్వేం బెంగపడకు. నీ ఇంటి మీద గునపం పడాలంటే ముందు నా మీద పడాలి" అంది, చెక్క మీద కాగితాలు పరుస్తూ. "ఇదుగో, అట్టు కొన్నవాళ్లంతా ఇక్కడే సంతకం పెడతారు. పెన్ను దారంతో కట్టాను, ఎవడూ జేబులో వేసుకుపోకుండా."

"ఎందుకు విన్నీ నీకీ శ్రమంతా..."

"శ్రమేంటే! నువ్వు మాకు కావలసినదానివి."

తన విడుదల తన కిటికీ దగ్గరే, తన కళ్ల ముందే, ఒక్కో సంతకంతో కొట్టుకుపోతుంటే, ఆల్మా చూస్తూ "చీజు ఒక్కటేనా, బేకన్ కూడానా?" అని అడుగుతూ నిలబడింది.

మునిసిపాలిటీ ఆఫీసరు లెన్నర్డ్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. మెత్తని మనిషి. టీ తాగి, సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"చూడండమ్మా, మీ వరసలో మిగతావన్నీ మునిసిపాలిటీ అద్దె ఇళ్లు. సొంతదారు మీరొక్కరే. మీరు కూడా వద్దని నిలబడితే, ఈ మహజరు చూసి పైవాళ్లు రోడ్డును పక్కకు జరుపుతారు. మీరు సమ్మతి అని సంతకం పెడితే ఇక వెయ్యిమంది మహజరున్నా లాభం లేదు. పద్దెనిమిదో తారీఖున ప్రార్థనామందిరం హాల్లో మీటింగు. అప్పటిలోగా ఏదో ఒకటి చెప్పండి."

"నేను సంతకం పెట్టినట్టు వాళ్లకు తెలుస్తుందా బాబూ?"

"తెలియకుండా ఎలా ఉంటుందమ్మా?"

ఆ కాగితం చెంచాల సొరుగులోకి వెళ్లింది. చెంచా తీసినప్పుడల్లా కనిపించేది.

అప్పుడు పుట్టిందామెకు ఆ పాడు ఆలోచన. పొమ్మనలేక పొగబెట్టినట్టు, అట్లు చెడగొడితే? అట్టు బాగోకపోతే ఎవరు కొంటారు, కిటికీ కోసం ఎవరు పోట్లాడతారు? వాళ్లంతట వాళ్లే 'ఇక చాల్లే' అంటారు. తను ఒక్క మాటా అనక్కర్లేదు.

మొదటి సాయంత్రం చెయ్యి మొరాయించింది. ముప్ఫై ఒక్క ఏళ్లు పిండి కలిపిన చెయ్యి, సలసల కాగే నీళ్లు ఈస్ట్ మీద పొయ్యనంటే పొయ్యనంది. కళ్లు మూసుకుని పోసింది. ఈస్ట్ చచ్చింది. తెల్లారి పిండి చలనం లేకుండా బురదలా పడి ఉంది. పెనం మీద పోస్తే చిల్లు పడలేదు, పొంగలేదు. అవి అట్లు కావు, చెప్పు అట్టలు. పైగా గుప్పెడు ఉప్పు ఎక్కువ. వాటిలో చీజు పెట్టి మడుస్తుంటే ఆమెకే తల కొట్టేసినట్టుంది.

మొదటివాడు ఎప్పటిలాగే ఈనాక్ టామ్స్. డెబ్బై నాలుగేళ్లు, ఒకప్పుడు బట్టీల్లో పింగాణీ మోసినవాడు. కొరికాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఎలా ఉంది బాబాయ్?" అంది ఆల్మా.

"అదిరింది తల్లీ. ఇంకోటియ్యి."

ఆ రోజు ఒక్క అట్టు మిగల్లేదు. మర్నాడూ మిగల్లేదు. జనం దవడలు పట్టుకుని, నీళ్లు తాగి, మళ్లీ వచ్చారు. విన్నీ అయితే మరీనూ.

"అట్లు కాస్త గట్టిపడ్డాయి వదినా. మాకు తెలీదనుకున్నావా ఎందుకో? ఇల్లు పోతుందన్న దిగులు! నీ బెంగ పిండిలోకి దిగుతోంది. ఇదే నలుగురికీ చెప్పాను. పక్క వీధివాళ్లు కూడా వచ్చి సంతకాలు పెట్టారు నిన్న."

ఇక ఆమె ఏం చేస్తుంది? ఉప్పు పెంచింది. సంతకాలు పెరిగాయి.

ఆరు వారాలు సాగింది ఈ బాగోతం. అందులో ఆల్మాకు దక్కిన సుఖం ఒక్కటే. సాయంత్రం చిన్న గిన్నెలో కొంచెం మంచి పిండి విడిగా కలుపుకునేది, తన కోసం. ఇన్నేళ్లూ ఆమె తిన్నది చిరిగిన అట్లు, మాడిన అంచులు, అదీ నిలబడి, మధ్యలో "వస్తున్నా" అంటూ. ఇప్పుడు అమ్మకం అయిపోయాక తలుపు గడియ వేసి, వెనక వంటింట్లో ఒక్కటంటే ఒక్కటి పోసుకునేది. చిల్లుల్లోకి చీజు కరిగి దిగుతుంటే, బేకన్ కొవ్వు చిటపటలాడుతుంటే, కుర్చీలో కూర్చుని, కత్తీ ఫోర్కూ పెట్టుకుని, దొరసానిలా తినేది. పైన పెళుసు, లోపల మెత్తన, కాస్త పులుపు. 'ఓసి దీని దుంపతెగ, ఇంత బాగుంటుందా ఇది!' అనుకుంది మొదటిసారి. వీళ్లంతా ఎందుకు వస్తున్నారో ఆ ముద్దతో అర్థమైంది. అర్థమయ్యాక వాళ్ల నోట్లో చెప్పు అట్టలు పెట్టడం ఇంకా కష్టమైంది.

పద్దెనిమిదో తారీఖు శుక్రవారం పడింది. సాయంత్రం ఆరింటికి హాలు కిటకిటలాడింది. ముందు బల్ల దగ్గర లెన్నర్డ్, పక్కన విన్నీ, విన్నీ ముందు మహజరు కట్ట. ఆల్మా చేతిసంచిలో ఆ సమ్మతి కాగితం ఉంది, సంతకం లేకుండా.

విన్నీ గంటసేపు దంచింది. చివరికి, "ఇంకెందుకు, ఆల్మానే చెబుతుంది ఇల్లు తనకు ప్రాణమని. లే వదినా" అంది.

ఆల్మా లేచింది. చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

"నాకొద్దు" అంది.

"ఏమిటి వదినా? గట్టిగా చెప్పు."

"నాకా ఇల్లొద్దు. ఆ కిటికీ వద్దు. పడగొట్టమనండి. క్రిస్మస్ దాకా అని నిలబెట్టారు నన్నక్కడ, ముప్ఫై ఒక్క ఏళ్లయింది. ఇక నావల్ల కాదు. మీకు చెప్పే ధైర్యం లేక... ఆరు వారాల్నుంచి అట్లు కావాలనే చెడగొడుతున్నాను. మీరు మానేస్తారని. దిగులూ లేదు, పాడూ లేదు. ఈస్ట్ మీద వేణ్ణీళ్లు పోశాను. నన్ను క్షమించండి."

అందరూ తిడతారనుకుంది ఆల్మా. ఎదురుచూసింది కూడా. ఈనాక్ టామ్స్ టోపీ చేతిలో తిప్పుకుంటూ కూర్చున్న చోటి నుంచే అన్నాడు.

"మాకు తెలుసమ్మాయ్."

"ఏం తెలుసు?"

"చెడగొడుతున్నావని. నీ పెరటి పక్క సందులోంచే కదా నేను ఇంటికెళ్లేది. మాకు రాళ్లమ్మి, లోపల నువ్వు మంచివి కాల్చుకుంటుంటే ఆ వాసన తెలీదా నాకు? రెండో వారంలోనే చెప్పాను అందరికీ. విన్నీకీ చెప్పాను."

విన్నీ మహజరు కట్ట సర్దుకుంది. తలెత్తలేదు.

"తెలిసీ తిన్నారా?" అంది ఆల్మా. "తెలిసీ బాగుందన్నావా బాబాయ్? రోజూ రాత్రి దిండు తడిసేలా ఏడ్చాను, మిమ్మల్ని మోసం చేస్తున్నానని!"

"బాలేదంటే నువ్వు మూసేస్తావుగా." ఈనాక్ కళ్లు తుడుచుకున్నాడు. "మా ఆవిడ పోయాక పొద్దున్నే నా పేరు పెట్టి పిలిచే మనిషివి నువ్వొక్కదానివే. చెప్పు అట్టలైతేనేం, రాళ్లైతేనేం, తినేవాణ్ణి."

ఆల్మాకు ఆ ముసలాణ్ణి కావలించుకోవాలనిపించింది. గొంతు పిసకాలనీ అనిపించింది. రెండూ నిజమే.

లెన్నర్డ్ గొంతు సవరించుకున్నాడు. "ఆమె మాట విన్నారు కదా. ఇంకా ఇల్లు ఉండాలనేవాళ్లు ఉంటే చేతులెత్తండి. రాసుకోవాలి నేను."

ముందు విన్నీ ఎత్తింది. తరవాత రెండో వరస, మూడో వరస. ఒక్కో చెయ్యీ నెమ్మదిగా, సిగ్గుపడుతూ లేచింది. ఒక్కరూ ఆల్మా వైపు చూడలేదు. అందరికంటే చివర, చూపు నేలకు వాల్చి, ఈనాక్ టామ్స్ చెయ్యెత్తాడు.

ఇన్నాళ్లూ తన మనసు తెలియక చేస్తున్నారనుకుంది, ఇప్పుడు తెలిసీ చేతులెత్తారు. ఆల్మా సంచిలోంచి కాగితం తీసింది.

"విన్నీ, పెన్నియ్యి."

విన్నీ పెన్నును చేతిసంచిలో వేసుకుని సంచి మూసింది. ఆల్మా హాలంతా కలయజూసింది. ఎనభైమంది, ఒక్కరి దగ్గరా పెన్ను లేదు. చివరికి లెన్నర్డే జేబులోంచి తనది తీసి బల్ల మీద పెట్టాడు. ఆల్మా పూర్తి పేరు రాసి, తారీఖు వేసి, కోటు తొడుక్కుని నడిచి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు శనివారం. ఆమె పిండి కలపలేదు. అలారం పెట్టలేదు. అయినా మేడ మీద పడకగదిలో అయిదింటికే మెలకువ వచ్చింది. అయిదున్నరకు కింద వీధి రాళ్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఈనాక్ దగ్గు గుర్తుపట్టింది. తరవాత ఇంకొకరు, ఇంకా ఇద్దరు. ఎవరూ తలుపు తట్టలేదు, ఎవరూ పిలవలేదు, మాట్లాడుకోనూ లేదు. ఊరికే నిలబడ్డారు. దుప్పటి అంచు పళ్ల కింద పట్టుకుని పడుకుంది ఆల్మా. ఏడయింది. తొమ్మిదయింది. సన్నగా వాన మొదలైంది, గొడుగులు విప్పిన చప్పుడైంది గానీ, అడుగుల చప్పుడు కాలేదు. నాలిక పిడచకట్టుకుపోతోంది. టీ పెట్టుకోవాలంటే కిందికి దిగాలి. ఆ మెట్లు దిగేది ముందుగదిలోకే, కిటికీ ఎదుటికి. పదకొండు కొట్టినా ఆల్మా మంచం దిగలేదు.