సత్యవతి అత్త కథకి ఊ కొట్టిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... కడియం నర్సరీలో కథకి కూలి మట్టి సంచులే. సత్యవతి అత్త కథ చెప్తుంటే, మొక్కలు నాటే సంచుల్లో ఆవిడ వంతు మట్టి కూడా మిగతా ఆడవాళ్ళే నింపేవాళ్ళు. వాళ్ళలో చదువొచ్చింది అత్తకొక్కదానికే. వారపత్రికలో సీరియల్ చదువుకొచ్చి, మధ్యాహ్నం కొబ్బరాకుల పందిరి కింద కూర్చుని చెప్పేది. మా అమ్మకి వదిన వరస. వేసవి సెలవుల్లో నేనూ అమ్మ పక్కన చేరేదాన్ని.

అబ్బ, ఏం చెప్పేదో... కథలో పిల్ల ఎంత చూస్తే అంతే చెప్పేది. ఆ పిల్ల తియ్యబోయే తలుపవతల ఎవరున్నారో అత్తకి తెలుసు, చదివిందిగా. అయినా ఛస్తే చెప్పేది కాదు.

"చెప్పేయొచ్చుగా వదినా, ఇక్కడ పేణం పోతంది" అని అమ్మ విసుక్కునేది.

"ఆ పిల్లకే తెలీదు, ముందు నీకెందుకే? దాంతో పాటే నువ్వూ తలుపు తియ్యి" అనేది అత్త.

ఒకరోజు అత్త మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు యజమాని గారు వచ్చారు. ఆఫీసు ఫోనుకి కబురొచ్చిందట... ఒరిస్సాకి మొక్కలు తీసుకెళ్ళిన లారీ బోల్తా పడింది. దాన్ని నడిపే మావయ్య, అత్త భర్త, ఇక లేడు.

"ఆవిడ అన్నగారికి కబురెట్టాను. ఆయనొచ్చేదాకా ఎవరూ నోరెత్తకండి" అని చెప్పి వెళ్ళిపోయారు.

అత్త వచ్చి కూర్చుని కథ అందుకుంది. ఎవరూ ఊ కొట్టలేదు. ఇన్నాళ్ళూ ఆవిడకి తెలిసింది మాకు తెలిసేది కాదు. ఇప్పుడు మాకు తెలిసింది ఆవిడకి తెలీదు. జరగబోయేది తెలిసి కూర్చోవడం ఎంత నరకమో ఆ రోజే తెలిసింది నాకు.

"ఏంటమ్మా అందరూ, కథ నచ్చట్లేదా?" అంది.

అమ్మ తల దించేసుకుంది. నేనే "ఊ..." అన్నాను. తొమ్మిదేళ్ళదాన్ని. అత్త సంబరంగా నావైపు తిరిగి, నాకొక్కదానికే చెప్పసాగింది. మధ్యలో నవ్వింది కూడా... వాళ్ళ అన్నయ్య గేటు దగ్గర సైకిల్ దిగేదాకా.

పెద్దకర్మ అయ్యాక నన్ను దగ్గరికి పిలిచింది. "నువ్వు ఊ కొట్టేసరికే నీకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

తలూపాను. అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా ఒక్క కథ చెప్పలేదు. తన వంతు సంచులు తనే నింపుకునేది, గోడవైపు తిరిగి.

ఇప్పుడు చావుకబురు ఫోటోతో సహా క్షణంలో ఫోనుకి వచ్చేస్తుంది. అదే నయమేమో అనిపిస్తుంది ఒక్కోసారి... మీరూ ఎప్పుడైనా, అన్నీ తెలిసి ఒక మనిషి ఎదురుగా అలా కూర్చున్నారా? ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలని ఉంది.