సొరకాయలో దిగిన పుల్ల

నా చిన్నప్పుడు విల్లు ఎంత గట్టిదైతే బాణం అంత దూరం పోతుందని, ఇంతకు మించి అందులో తెలుసుకోవలసింది ఏమీ లేదని నా నమ్మకం. పదకొండేళ్ల వయసులో ఎవరి నమ్మకాలైనా గట్టిగానే ఉంటాయి, నావి మరీ మొండివి. మాది శామీర్‌పేట దగ్గర చేపలు పట్టే కుటుంబం. ఏడాది పొడవునా మాకు అన్నం పెట్టేది వలే. కానీ తొలి వానలకు వాగులో కొత్తనీరు వచ్చి, చెరువులోని చేపలు ఆ నీటికి ఎదురెక్కే నాలుగు రోజులు మాత్రం మా తాత వల పక్కన పెట్టి విల్లు అందుకునేవాడు. మోకాటి లోతు నీళ్లలో కొంగలా నిలబడి, తోకకు దారం కట్టిన బాణంతో కొర్రమీనును కొట్టేవాడు. అది చూడడానికి మా వాడకట్టంతా గట్టు మీదికి వచ్చేది.

తాత ఎడమచేతి బొటనవేలి పక్కన పెద్ద మచ్చ ఉండేది. ఆ వేలు సరిగా వంగేది కాదు. వయసులో ఉన్నప్పుడు చెరువు నడిమధ్య వాలుగ చేప కరిచిందని, అయినా దాన్ని వదలకుండా ఒడ్డుకు ఈడ్చుకొచ్చానని చెప్పేవాడు. ఆ చేప ఏటేటా పెరిగేది. నాకు ఊహ తెలిసినప్పుడు బారెడున్న వాలుగ, నాకు పదకొండేళ్లు వచ్చేసరికి నిలువెత్తు మనిషంత అయింది. మా అవ్వ కూడా ఆ కథను గొప్పగా చెప్పుకునేది. వాడలో తాతకున్న పేరులో సగం ఆ వాలుగ పెట్టిన భిక్షే.

తాత నాకూ ఒక చిన్న విల్లు చేసిచ్చాడు. రెల్లు పుల్లలతో బాణాలు నేనే చేసుకున్నాను. తోకకు కోడి ఈకలు కట్టి, పసుపూ కుంకుమా పూసి ముద్దుగా చూసుకునేదాన్ని. మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్దవాడు, వాటిని చూసి పడీపడీ నవ్వాడు. “గిది ఈగలను గొట్టేటందుకా, దోమలను గొట్టేటందుకా?” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో చూరుకు తాత పాత విల్లు ఒకటి వేలాడుతుండేది. ఎవరూ లేనప్పుడు దాన్ని దించి లాగడం మొదలుపెట్టాను. పది రోజులు తిరిగేసరికి తాడు నా దవడ దాకా వచ్చింది. ఈసారి కొత్తనీటికి ఈ విల్లుతో, నా రంగుల బాణాలతో చేపను కొట్టి బావ నోరు మూయించాలని ఒట్టు పెట్టుకున్నాను.

వాన పడింది. తెల్లవారగానే ఇంటిల్లిపాదీ వాగుకు పరుగెత్తారు. నేను కడుపు నొప్పని వెనకే ఉండిపోయి విల్లు దించాను. పెరట్లో నిలబడి, ముందుగా గోడ మీద ఒక దెబ్బ చూసుకుందామని బాణం ఎక్కుపెట్టి దవడ దాకా లాగాను. సరిగ్గా అప్పుడే మరచిపోయిన చేపల బుట్ట కోసం తాత తిరిగి వచ్చాడు. ఆయన గొంతు ఎంత మెత్తగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. “బిడ్డా, ఇడ్సకు. మెల్లగ దించు. మెల్లగ.”

దించాను. వీపు విమానం మోత మోగుతుందని ఎదురుచూశాను. ఆయన మాత్రం నేల మీద కూర్చుని రెండు ఎత్తు రాళ్లు మూరెడు ఎడంగా పెట్టాడు. వాటి మీద నా బాణం అడ్డంగా ఉంచి, వల అడుగున కట్టే మట్టి గుండు ఒకటి దాని నడుముకు వేలాడదీశాడు. పుల్ల వంగింది. రెండో గుండు వేయగానే గుండ్లు నేలకు ఆనాయి. తర్వాత తన వెదురు బాణం పెట్టి నాలుగు గుండ్లు వేలాడదీస్తే, అది వంగీవంగనట్టు వంగింది. నా విల్లుకు నా పుల్ల చాలునని, ఈ విల్లు తోసే తోపుకు మాత్రం అది ఆగదని చెప్పాడు. నేను ఒప్పుకుంటేగా! తేలిక బాణమే దూరం పోతుందని వాదించాను. ముక్కు ఎగబీలుస్తూ వాదించాను.

తాత ఆ విల్లును కొట్టం గుంజకు కట్టాడు. పందిరి మీది సొరకాయ ఒకటి తెంపి, విల్లు పట్టుకున్న చెయ్యి ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ బిగించాడు. నన్ను గోడ వెనక్కి పొమ్మన్నాడు. తువ్వాలు మొహానికి చుట్టుకుని, నా రంగుల బాణం పెట్టి, తల పక్కకు తిప్పుకుని తాడు లాగి వదిలాడు.

టప్పుమని చప్పుడైంది. బాణం ముందుకే పోలేదు. తాడు దగ్గరే నిలువునా చీలిపోయింది. ఒక చీలిక సొరకాయలో ఈ పక్క నుంచి దిగి ఆ పక్కకు తేలింది. కోడి ఈక దాని వెనకే వణుకుతోంది.

తాత తన ఎడమచెయ్యి తెచ్చి ఆ సొరకాయ పక్కన పెట్టాడు. మచ్చ, పుల్ల దిగిన చోటు పక్కపక్కనే ఉన్నాయి. “వాలుగ లేదు గీలుగ లేదు బిడ్డా. నీ అంత ఉన్నప్పుడు మా నాయిన విల్లు దొంగతనంగ దీసి, నేను గూడ గిట్లనే జేసిన. మీ అవ్వకు గూడ తెల్వది,” అన్నాడు. ముసలాయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా సిగ్గుపడింది. నాకు ఏడుపొచ్చింది. దెబ్బలు తప్పినందుకు కాదు, ఇన్నేళ్లుగా దాచుకున్న మాటను నా కోసం విప్పినందుకు.

తర్వాత నాచేత పొడవాటి వెదురు పుల్లతో ఆ విల్లు లాగించి, విల్లు దాటి నాలుగు వేళ్లు మిగిలేలా గుర్తు పెట్టి కోశాడు. మొదటి పుల్ల గుండ్లకు మరీ వంగింది, రెండోది అసలు వంగలేదు, మూడోది కుదిరింది. మేం వాగుకు చేరేసరికి సగం చేపలు పోయాయి. ఆరోజు నేను ఒక్కదాన్నీ కొట్టలేదు. బావ మళ్లీ నవ్వాడు, నవ్వనిచ్చాను. సాయంత్రం అవ్వ చేపల్లో ఆ సొరకాయే వేసి వండింది. కాయకు బొక్క ఎట్లా పడిందని అడిగితే, పందికొక్కు కొరికిందన్నాడు తాత. నేను తల వంచుకుని అన్నం తిన్నాను.

ఇప్పుడు మేం తూంకుంటలో ఉంటున్నాం. నా మనవరాలు విలువిద్య నేర్చుకుంటోంది. ఆమెది రెండు కొనలకూ చక్రాలున్న కాంపౌండ్ విల్లు. మొన్న మరింత బలమైన కొత్త విల్లు వచ్చింది. దానికి తగిన బాణాలు ఇంకా రాలేదు. మర్నాడే జట్టు ఎంపిక. స్నేహితురాలి దగ్గర సన్నటి బాణాలు అడిగి తెచ్చుకుంది. బాణం మీది అంకె ఎంత పెద్దదైతే అది అంత తేలిగ్గా వంగుతుందట, వీటి మీదిది పెద్ద అంకె. కోచ్ వాటిని రెండు దిమ్మల మీద పెట్టి, నడుమ బరువు వేలాడదీసి చూసి, ఈ విల్లుకు ఇవి పనికిరావన్నాడట. మా తాత గుండ్లు గుర్తొచ్చి నేను పైకే నవ్వేశాను. పిల్లకు కోపం వచ్చింది. “ఒక్కరోజే గదా అమ్మమ్మా, ఏమైతది? పాత విల్లుతోని నన్నెవరు తీసుకుంటరు?” అంది. కళ్లల్లో నీళ్లున్నాయి.

వద్దని చెప్పే నోళ్లు ఆమెకు అప్పటికే చాలా ఉన్నాయి. నేను వాలుగ సంగతి చెప్పాను. తాత పోయి ఎన్నో ఏళ్లయినా మా ఇంట్లో ఆ చేప పెరుగుతూనే ఉంది, మా అమ్మాయి ఆ కథను ఈ పిల్లకూ చెప్పింది. ఎవరికీ చెప్పని నిజాన్ని మొదటిసారి విప్పాను. చూరు నుంచి విల్లు దించడం, కడుపు నొప్పని అబద్ధమాడడం, ఏదీ దాచలేదు. పిల్ల చాలాసేపు తన ఎడమచేతినే చూసుకుంది. మర్నాడు పాత విల్లు, దాని పాత బాణాలు తీసుకుని వెళ్లింది. జట్టులోకి రాలేదు. ఏడుస్తూ వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. ఆ పది వేళ్లూ పట్టుకుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఏడుపు తగ్గాక, “వాలుగ అసలు ముచ్చట అమ్మకు జెప్పాల్నా?” అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. “వద్దులే, రేపు నా పిల్లలకు నేనే జెప్త,” అంది. ఆ రోజు పెరట్లో తాత నా ముందు చాపిన మచ్చ పడ్డ చేతిని ఇన్నేళ్లూ నాలోనే మోశాను. ఇప్పుడు దాన్ని మోయడానికి ఇంకొకరు దొరికారు.