గుర్రపుడెక్క తీసేసిన చెరువు

కాప్రా చెరువు ఒడ్డున ఓ రెండంతస్తుల ఇంటికి నెట్ పెట్టింది నేనే. అవతలి గట్టున మా టవర్, ఇవతల డాబా మీద ఇనప పైపుకు చిన్న డిష్. మధ్యలో తీగ ఉండదు. రెండూ ఒకదానికొకటి కనబడాలి, అంతే. చెరువు తప్ప అడ్డేమీ లేదు. ఇంతకన్నా తేలికైన పని ఉంటుందా అనుకున్నాను.

ఆ ఇంటావిడది పొద్దున్నే ఇంట్లో కూర్చుని నెట్ మీద కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత లైన్ తెగడం మొదలైంది. ఇంకోసారి మాట మధ్యలో తెగితే ఉద్యోగం ఉండదని ఆఫీసువాళ్లు చెప్పేశారట. నేను వెళ్లేది మధ్యాహ్నం. అప్పుడు సిగ్నల్ నిక్షేపంగా ఉండేది.

“మీరొస్తేనే మంచిగుంటది అన్నా. పొద్దుగాల మళ్ల పరేషానే.”

నా పనిలో తప్పుందంటే నాకు ఒళ్లు మండుతుంది. చూస్తే డిష్ పైపుకు బట్టల తాడు కట్టి ఉంది. ఏ డాబా ఎక్కినా ఇదే వరస, పైపు కనబడితే చాలు తాడు కట్టేస్తారు. “ఇది బట్టలారేసుకోడానికి పెట్టామా అమ్మా? తడి బరువుకి డిష్ పక్కకి తిరగదూ?” అని అరిచాను. ఆవిడ వెంటనే తాడు విప్పేసింది.

వారానికి మళ్లీ ఫిర్యాదు. విసుక్కుని రెండు రోజులు ఆగి, ఈసారి పొద్దున్నే వెళ్లాను. తాడు కట్టి ఉంటుంది, పట్టుకుందామని. తాడు లేదు. గాలి కూడా లేదు. చెరువు తోమిన స్టీలు పళ్లెంలా కదలకుండా ఉంది. సిగ్నల్ పడిపోతోంది.

అప్పుడు తట్టింది. నేను డిష్ బిగించిన రోజు చెరువంతా గుర్రపుడెక్క, చుక్క నీరు కనబడలేదు. ఆ తర్వాత దాన్ని తీయించేశారు. ఇప్పుడు నేరుగా వచ్చే సిగ్నల్‌తో పాటు నీళ్ల మీద పడి ఎగిరొచ్చేదీ డిష్‌కు చేరి, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి. మధ్యాహ్నం గాలికి నీళ్లు కదిలితే ఆ రెండోది చెదిరిపోతుంది. రోజూ ఆ చెరువు పక్కనుంచే బండి మీద పోతూ నేనిది చూడలేదు. నిజంగా సిగ్గేసింది.

డిష్‌ను కిందికి దించి, పైపుతో సహా పిట్టగోడకు దూరంగా వెనక్కి జరిపాను. గోడ మీదుగా టవర్ కనబడాలి, నీళ్లు కనబడకూడదు. అరగంట చూశాను, సిగ్నల్ కదల్లేదు. ఆవిడను పైకి పిలిచాను.

“ఇక తెగదమ్మా. తప్పు నాదే.”

“నన్ను నిన్ననే నౌకరీల కెల్లి తీసేసిన్రు అన్నా,” అంది, కోపం కూడా లేకుండా. మూలన చుట్టిపెట్టిన తాడు తెచ్చింది. “గిప్పుడు కట్టుకోవచ్చు గదా?”

కట్టుకోమన్నాను. ఆవిడ ముడి బిగించేదాకా పైపు కదలకుండా నేనే పట్టుకున్నాను.