మా అత్తగారి సాధన

కథల్లో యుద్ధాలు నాకు అక్కర్లేదు. ఎవడు ఎవణ్ణి చంపితే నాకేం? వీరుడు ఇంకా వీరుడు కానప్పటి అధ్యాయాలే నాకు కావాలి. గాలిని ఆపే శక్తి ఉన్న పిల్ల గాల్లో ఒక్క దూదిపింజను నిలబెట్టడానికి ఏడాదంతా తంటాలు పడుతుంది చూడండి, అక్కడ నాకు ఆకలి కూడా గుర్తురాదు. ఫోన్‌లో అలాంటి సీరియళ్లు చదువుతూ పాలు పొంగబెట్టిన రోజులెన్నో. "నలభై ఏళ్లొచ్చినాక కూడా ఈ మంత్రాల పిచ్చేంటే?" అని మా ఆయన గోల. ఆయన పొద్దస్తమానం క్రికెట్ చూస్తే మాత్రం అది పిచ్చి కాదు!

పోయినేడాది మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కుదురుకుంది గానీ కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. మిరప కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరడంలో పర్చూరు చుట్టుపక్కల ఆవిడంత చురుకైన చెయ్యి లేదని పేరు. అలాంటి మనిషి ముద్ద ఎత్తుకోలేకపోయారు. ఎడమచేత్తో తినమంటే "ఛీ" అనేవారు. నేను కలిపి పెడుతుంటే గోడవైపు తిరిగి తినేవారు.

డాక్టరుగారు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. ఆవిడ ఎడమచేత్తో దాన్ని మంచం కిందికి విసిరేశారు.

"నేనేమన్నా చంటిపిల్లనా, బంతులాడుకోడానికి?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా బంతి వెతికి చేతిలో పెట్టి, నేను చదువుతున్న కథనే పైకి చదవడం మొదలుపెట్టాను. అంతరిక్ష నౌకలో చెయ్యి పోయిన మెకానిక్కుకి ఇనపచెయ్యి పెడతారు. ఆ చేత్తో గోడలు పగలగొట్టగలడు, కోడిగుడ్డు మాత్రం పట్టుకోలేడు. రోజుకో గుడ్డు చితికిపోతుంది.

"అన్నేసి గుడ్లు దండగ చేస్తుంటే వాళ్లమ్మ ఊరుకుందా?" అన్నారు అత్తగారు.

దొరికారు అనుకున్నాను. "మీరు బంతి పిసికినంతసేపే చదువుతానత్తయ్యా. మీరాపితే నేనూ ఆపేస్తా."

"ఓసి గడుసుదానా!" అని తిట్టి, పిసికారు.

నెల తిరిగేసరికి వేళ్లు ముడుచుకోవడం వచ్చింది. స్పర్శ మాత్రం రాలేదు. "పట్టుకుంది అన్నమో మట్టో తెలీకపోతే ఎట్టా తినేదే?" అని ఒక పూట ఏడ్చారు.

అప్పుడే నేనొక తెలివితక్కువ పని చేశాను. కథల్లో గురువులు శిష్యుణ్ణి అలవాటైన పనిలోకే దించుతారు కదా అని, కారం కొట్టించడానికి తెచ్చిన ఎండుమిరపకాయలు ఆవిడ ముందు పోసి కుడిచేత్తో తొడిమలు తీయమన్నాను. మా వైపు ఈ పనికి కూర్చునేముందు ఎవరైనా మంట పుట్టకుండా చేతులకు కొబ్బరినూనె పట్టిస్తారు. మొద్దుచేతికి నూనెందుకులే అనుకున్నాను. ఆవిడ గంటసేపు తీశారు. తీసి, అదే చేత్తో కన్ను నులుముకున్నారు. ఇక చూడండి!

"చెయ్యి పోయింది చాలక కళ్లు కూడా తీస్తావంటే?" వీధంతా వినపడేలా అరిచారు. తప్పు నాదే. పది రోజులు బంతీ లేదు, కథా లేదు. చేజేతులా అంతా పాడుచేశానని కుమిలిపోయాను.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి, ఆవిడే చాట ఒళ్లో పెట్టుకుని తొడిమలు తీస్తున్నారు. కళ్లు తుడుచుకోవడానికి ఎడమ భుజం మీద తువ్వాలు వేసుకున్నారు. నేను నూనె రాయబోతే కుడిచెయ్యి లాగేసుకున్నారు.

"ఏంటట్టా చూస్తావు? చదువు. వాడి గుడ్డు సంగతేమైంది?"

చదివాను. ఆ రోజే కాదు, కారం కొట్టించడం అయిపోయినా, రోజూ గుప్పెడు కాయలు ముందేసుకుని కూర్చునేవారు. నేను చదివేదాన్ని. ఒకరోజు కథలో మెకానిక్కు గుడ్డు మీద బొటనవేలు ఆనించడం వరకూ వచ్చాడు.

అంతలో "ఆగు" అన్నారు. కుడిచెయ్యి పైకెత్తి, కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటున్నారు.

"అమ్మాయ్, వేళ్లు మండుతున్నాయే."

"అయ్యో" అంటూ మజ్జిగ కోసం వంటింట్లోకి పరిగెత్తాను. గిన్నె చేతిలోకి తీసుకున్నాక గానీ నాకు విషయం బుర్రకెక్కలేదు. మజ్జిగ ఒలికించుకుంటూ వెనక్కొచ్చాను.

"నిజంగానా అత్తయ్యా?"

"అబద్ధమాడతానా? భగభగా మండుతున్నాయి!"

గిన్నె దగ్గరికి జరిపితే మోచేత్తో అవతలికి నెట్టేశారు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"ఉండవే, కాసేపు మండనీ. ఇక వేడన్నం కూడా తెలుస్తుంది నాకు."