పాయింట్ చాచా

తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని వచ్చాక ఖాదర్ మొహిద్దీన్ చాయ్ కూడా తాగకుండా నేరుగా షెడ్డుకే పోతాడు. "బిస్మిల్లా" అని రేసు కారు బానెట్ ఎత్తి, ఇంజను చల్లగా ఉండగానే గొట్టాలనూ బెల్టులనూ వేళ్లతో తడుముతాడు. జ్వరం తగిలిన బిడ్డ నుదురు చూసినట్టు ఉంటుంది ఆ తడమడం. ప్రొద్దుటూరులో లారీల కింద దూరి పని నేర్చుకున్నప్పటి అలవాటు, సౌదీలోని తబూక్ వచ్చినా పోలేదు.

ఇక్కడ అందరూ ఆయన్ని 'పాయింట్ చాచా' అంటారు. చేరిన కొత్తలో ఒకరోజు, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఫహద్ రేసు ముగించుకుని దిగులుగా వచ్చాడు. కారు నడిపేదీ ఆయనే. "పాయింట్లు తక్కువయ్యాయి చాచా" అన్నాడు హిందీలో. మన మనిషికి తెలిసిన పాయింట్లు పాత అంబాసిడర్లలో నిప్పురవ్వ పుట్టించేవే. వెంటనే గరుకు కాగితం పట్టుకుని బానెట్ కింద దూరాడు. ఎంత వెతికినా కనబడవే! "సాబ్, ఈ కారుకు పాయింట్లే లేవు" అన్నాడు చివరికి. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఫహదే పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పాడు. ముందొచ్చిన కారుకు ఎక్కువ పాయింట్లు, వెనకొచ్చే కొద్దీ తక్కువ, మధ్యలో ఆగిపోతే సున్నా. సీజన్ మొత్తం కలిపి ఎక్కువ ఎవరికుంటే కప్పు వాళ్లది.

"తెలిసింది సాబ్. ఐదు పూటలా నిలబడేవాడికీ, పండగ నమాజుకు మాత్రమే వచ్చేవాడికీ ఉన్న తేడా."

ఈ సీజన్లో ఫహద్ గెలిచిన రేసు ఒక్కటే. కానీ ఆయన కారు ఎక్కడా ఆగలేదు. ఆ మాట తలచుకుంటేనే ఖాదర్ మొహిద్దీన్ నడక మారిపోతుంది. చివరి రేసులో మొదటి ఐదు కార్లలో వస్తే చాలు, కప్పు తమదే. ఆగితే మాత్రం పక్క షెడ్డు పసుపు కారుదే.

ఆ శుక్రవారం పొద్దున వేళ్లకు రేడియేటర్ కింది గొట్టం మెత్తగా తగిలింది. ఉబ్బింది. పెట్టెలో ఉన్న కొత్త గొట్టం విప్పి చూస్తే కొలత వేరు. రేసేమో మధ్యాహ్నం జుమ్మా నమాజు అయిన వెంటనే. దుకాణాలు తెరిచేది సాయంత్రం అసర్ నమాజు తర్వాత. పసుపు కారుదీ ఇదే మోడల్. తప్పక పక్క షెడ్డుకు నడిచాడు. అక్కడి మెకానిక్ అమలాపురం దానం అప్పుడే బైబిలు చదివి మూస్తున్నాడు.

"దానం, అడగను నోరు రాకుండా ఉండాది. కింది గొట్టం ఉబ్బినాది. నీ కాడ ఉంటే ఇయ్యప్పా."

"ఇత్తే కప్పు మీది, ఇవ్వకపోతే మాది. అంతేనా బాబాయ్?"

"అంతే."

దానం తల గోక్కున్నాడు. "ఉండండి. మా ఓనరుగారికి చెప్పకుండా ఇత్తే దొంగతనం అవుద్ది."

ఫోన్లో అరబీ, హిందీ కలిపి మాట్లాడాడు. అవతలి నుంచి నవ్వు వినబడింది.

"ఇచ్చెయ్యమన్నారు. ఓడిత్తే రోడ్డు మీద ఓడిత్తారంట గానీ, గొట్టం దాచి కాదంట. బాబాయ్, పనిలోపని పాయింట్లు కూడా గీకి పెట్టుకోండి!"

"పోరా, నా పేరుతోనే ఆడుకుంటాండావు!"

గొట్టం తెచ్చి బిగించిందీ దానమే.

రేసులో పసుపు కారు మొదట వచ్చింది. ఫహద్ నాలుగో వాడు. వేడి ముల్లు ఒక్కసారీ పైకి లేవలేదు. అన్నీ కూడితే కప్పు ఫహద్‌దే. "అల్హందులిల్లా" అంటూ ఖాదర్ మొహిద్దీన్ తన కారు చుట్టూ పెళ్లికొడుకు తండ్రిలా తిరిగాడు.

ఫహద్ వచ్చి కావలించుకున్నాడు. "ఏం కావాలో అడుగు చాచా. ఇంటికి టికెట్టా?"

ఫోటోకు ఫహద్ జట్టు ఆకుపచ్చ చొక్కాలన్నీ వరస కడుతున్నాయి. దూరంగా దానం ఒక్కడే టైర్లు దొర్లించుకుంటూ పోతున్నాడు.

"టికెట్టు ఎట్లాగూ ఇస్తారు సాబ్. ఇప్పుడు ఒక్క సాయం చెయ్యండి. దానంను పిలిపించి, ఫోటోలో నా పక్కన నిలబెట్టండి. చొక్కా మాత్రం మార్చమనొద్దు. ఇంత ఆకుపచ్చ మధ్య వాడి పసుపు చొక్కా అట్లనే కనబడాల."