గ్లెనిస్ అడగని మాట

ఇంగ్లండులోని హల్ రేవులో చేపల ఓడలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. గ్లెనిస్ బ్లెంకిన్ తల్లి ఆ ఓడలకు వలలల్లిన మనిషి. మొగుడు ఓడెక్కిన రోజు ఇంట్లో బట్టలు ఉతకనిచ్చేది కాదు, ఉతికితే సముద్రం అతన్ని కడిగేస్తుందని భయం. ఆవిడ పోతూ కూతురికి మిగిల్చింది వలలల్లే చెక్కసూది ఒక్కటే. దాన్ని గ్లెనిస్ బడికి పట్టుకెళ్ళింది.

బడిలో మొదట ఆమె మధ్యాహ్నం భోజనాలు వడ్డించేది. పిల్లల తగవుల దగ్గర ఆమె ఓపిక చూసి హెడ్మాస్టరు రాజీలు కుదిర్చే శిక్షణకు పంపించాడు. అప్పటినుంచీ ఎవరు కొట్టుకున్నా, ఎవరు ఏడిపించినా, కుర్చీలు గుండ్రంగా వేసి, ఇరువైపులవాళ్ళనీ కూర్చోబెట్టి సర్కిల్ నడిపేది ఆమే. చెక్కసూది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మాట్లాడాలని లేకపోతే పక్కవాళ్ళకు అందించేయొచ్చు. వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. దెబ్బ తిన్న బిడ్డను విడిగా కూర్చోబెట్టి, "నీకు ఇష్టమేనా?" అని అడగాలి. వద్దంటే సర్కిల్ లేదు. కొత్త టీచర్లకు ఈ మాట ఎంత నూరిపోసిందో!

ఏం లాభం, తనదాకా వచ్చేసరికి అంతా గాలికి పోయింది.

టామ్సిన్ ఓడీ నోట్లో నాలుక లేని పిల్ల. ఆ పిల్లను బట్టలు మార్చుకునే గదిలో పెట్టి తలుపు మూసి, ఏడుస్తుంటే వీడియో తీసి తరగతంతటికీ పంపించింది షానన్. షానన్ ఎవరో కాదు, గ్లెనిస్ పెంచుతున్న మనవరాలే. ఆ పిల్లను ఇదివరకే ఒక బడి వెళ్ళగొట్టింది. శుక్రవారంలోగా రాజీ కుదరకపోతే ఇక్కడా అంతేనని హెడ్మాస్టరు తేల్చేశాడు. అసలు సొంత మనిషి తగవులో ఆమె వేలు పెట్టకూడదు. అది ఆయనకూ తెలుసు. కానీ నడిపేవాళ్ళు మరొకరు లేరు.

గురువారమే కుర్చీలు వేసేసింది గ్లెనిస్. టామ్సిన్‌ను ముందుగా పిలవలేదు.

షానన్ కళ్ళనీళ్ళతో చక్కగా చెప్పింది. తన వల్ల ఎవరు బాధపడ్డారో, ఇకమీదట ఎలా ఉంటుందో, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. తర్వాత సూది టామ్సిన్ చేతికొచ్చింది. ఆ పిల్ల దాన్ని పక్కకు అందించబోయింది.

"ఏదో ఒకటి చెప్పు బంగారం," అంది గ్లెనిస్. ఆ కుర్చీల మధ్య ఆమె ఎవరినీ ఎప్పుడూ అలా అడగలేదు.

"పర్లేదు మిస్," అంది టామ్సిన్.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సోమవారం టామ్సిన్ బడికి రాలేదు. వారమంతా రాలేదు. ఉండబట్టలేక గ్లెనిస్ వాళ్ళింటికి వెళ్ళింది.

తల్లి జనీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "గుండ్రంగా కూర్చోబెట్టి తడిగుడ్డతో గొంతు కోశావు గ్లెనిస్. అంతమంది చూస్తుంటే దానికి నోరెలా పెగులుతుందనుకున్నావ్?"

గ్లెనిస్ కాదనలేదు. లోపల మెట్ల మీద కూర్చున్న టామ్సిన్‌ను మాత్రం అడిగింది, ముందే నిన్నడిగుంటే ఏమనేదానివమ్మా అని.

"వద్దనేదాన్ని మిస్." ఆ పిల్ల తన సాక్సుల వైపే చూస్తూ చెప్పింది. "అడుగుతారేమోనని భోజనాల గది దగ్గర నిలబడ్డాను. మీరు చూశారు. చూసి అటు వెళ్ళిపోయారు."

నిజమే, చూసింది. వద్దంటుందని తెలిసే చూపు తిప్పుకుంది.

అక్కణ్ణించి నేరుగా బడికెళ్ళి, ఆ రాజీ రాజీ కాదనీ, తాను ఆ పిల్లను అడగనే లేదనీ హెడ్మాస్టరుకు చెప్పింది. అంటే షానన్ సంగతేమిటో తెలుసుగా అన్నాడాయన. తెలుసంది.

సాయంత్రం చిప్స్ కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టి, మనవరాలికి అంతా చెప్పింది. షానన్ ఏడవలేదు, అరవలేదు.

"నువ్వు నేర్పినట్టే చెప్పాను కదా అమ్మమ్మా," అంది. "ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు."

గ్లెనిస్ సంచిలోంచి చెక్కసూది తీసి షానన్ ముందు పెట్టింది. షానన్ దాన్ని వెనక్కి నెట్టేసి పైకి వెళ్ళిపోయింది.